తల్లిగదిలో నురగ

ఇనుపచువ్వ చొప్పకుప్పలోకి నిలువునా దిగి ఐదు నిమిషాలైంది. గడియారమ్మ దానిని రెండు చేతులా పట్టి పైకి లాగి, కొనను అరచేతితో ముట్టుకుని, అంతలోనే వదిలేసింది. అరచెయ్యి చుర్రుమంది. చువ్వ మొదట్లో బిగించిన ఉష్ణమాపకం యాభైఎనిమిది డిగ్రీలు చూపిస్తోంది.

"మూడూ ఐదు," అన్నది ఆవిడ మణికట్టు వంక చూసుకుని, చిన్న పుస్తకంలో ఆ రెండు అంకెలూ వ్రాసుకుంటూ.

"చెయ్యి కాలిందా, వదినగారూ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కుప్ప దిగువన బూట్లకు దుమ్ము అంటకుండా నిలబడి. "పోనీలెండి. వంటింటి పని మానేసి వచ్చారు, అలవాటు తప్పకుండా ఉంటుంది."

పదహారేళ్లు తూనికలు కొలతల శాఖలో తనిఖీ ఉద్యోగం చేసి, భర్త పోయిన తరువాత నేరపరిశోధనను వృత్తిగా చేపట్టిన ఆ మనిషి ఎదురుపడ్డ వాళ్లను ముందుగా అడిగేది క్షేమం కాదు, సమయం. అందుకే జనం ఆవిడకు గడియారమ్మ అని పేరు పెట్టారు. ఇన్‌స్పెక్టరు ఆవిడ భర్తకు స్వయానా తమ్ముడు. ఆరేళ్ల క్రిందట అతడు పట్టుకున్న హంతకుడు హంతకుడు కాడని ఆవిడ న్యాయస్థానంలో నిరూపించింది. ఆనాటినుంచి రెండిళ్ల మధ్య రాకపోకలు లేవు. మాటలు మాత్రం మిగిలాయి. అవీ లేకపోతే ఇద్దరికీ కొంత మనశ్శాంతిగా ఉండేది.

ఆ కర్మాగారంలో జంతువును చంపకుండా మాంసం తయారుచేస్తారు. పిడికెడు కణాలను ఉక్కుతొట్లలో పెంచి పెద్దచేస్తారు. ఆ కణాలకు పోసే ఆహారాన్ని అక్కడి పనివాళ్లు మేత అంటారు. ఇలాంటి మేతలో దూడల నెత్తుటినుంచి తీసిన సీరం కలపడం పాత పద్ధతి. ఇక్కడి పెద్ద డాక్టరు ఆ పద్ధతిని తోసివేశాడు. కోతలయ్యాక పొలాల్లో తగలబెట్టే మొక్కజొన్న చొప్పనూ, గింజ ఒలిచిన కండెలనూ పోగుచేయించి, ఉడికించి, పులియబెట్టి, వడగట్టి, ఆ రసంతోనే కణాలను బతికించి పేరు తెచ్చుకున్నాడు. ఆ పెద్ద డాక్టరే నేటి మధ్యాహ్నం ఒంటిగంటా పదికి ఈ కుప్ప మీద, జానెడు చొప్ప కింద, తల పగిలి శవమై కనిపించాడు. మరో ముప్పావుగంటకు చొప్ప తోలే కాంట్రాక్టరు చేతులకు బేడీలు పడ్డాయి.

"శవం ఉన్నచోట జానెడు లోతున కూడా చూశాను," అన్నది గడియారమ్మ కుప్ప దిగి వస్తూ. "ముప్పైఎనిమిది. మనిషి ఒంటివేడి కంటె ఎక్కువే. మీ డాక్టరు శవాన్ని ఎన్నింటికి చూశాడు?"

"ఒకటీ యాభైకి. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. పోయి గంట, మహా అయితే గంటన్నర. కాంట్రాక్టరు ట్రాక్టరు పన్నెండూ ఇరవైకి లోపలికొచ్చింది, పన్నెండూ యాభైకి బయటికెళ్లింది. ఇంతకంటే శుభ్రమైన లెక్క మీ తూనికల శాఖలో కూడా ఉండదు."

"పొయ్యి గట్టున పెట్టిన పాలు ఎప్పుడు కాచారో గిన్నె ముట్టుకుని చెప్పగలవా, మరిదీ? పచ్చిచొప్ప కుప్పేస్తే లోపల పులిసి ఉడుకుతుంది. అంటుకోకుండా చూసుకోవడానికే పనివాళ్లు పూటపూటా ఈ చువ్వ గుచ్చుతారు. దీని మీద పడ్డ మనిషి పొద్దున్నే పోయినా శవం ఇప్పటికీ చల్లారదు."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, విప్పి, ఆవిడ ముక్కుకు తగిలేంత దగ్గరగా పట్టాడు.

"అందుకే నేను శవాన్ని నమ్మలేదు. తలుపును నమ్మాను. మీరు పొద్దుటి మనిషంటున్న ఈ డాక్టరుగారి కార్డుతో తల్లిగది తలుపు పన్నెండూ ఐదుకు తెరుచుకుంది. చచ్చినాయన లేచొచ్చి తలుపు తీసుకున్నాడంటారా?"

గడియారమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "ఆ కార్డేదీ?"

"ఈ కుప్పలోనే ఎక్కడో జారిపోయుంటుంది. రెండొందల టన్నుల చొప్ప. వెతుక్కోండి, చువ్వ ఎలాగూ చేతిలోనే ఉంది. వకీలు తెచ్చిన అనుమతి ఐదింటిదాకానే. ఐదింటికి కోర్టు. రెండ్రోజులు నా కస్టడీకి ఇస్తే చాలు, మిగతాది వాడే చెప్తాడు."

అతడి స్టేషనులో మనుషులు మిగతాది ఎలా చెబుతారో ఆవిడకు తెలుసు. ఆరేళ్ల క్రిందటి ఆ మనిషి నిర్దోషి అని తీర్పు వచ్చింది గాని, ఎడమచెవికి పోయిన వినికిడి తిరిగి రాలేదు. గేటు దగ్గర కాంట్రాక్టరు భార్య ట్రాక్టరు మడ్గార్డు మీద కూర్చుని ఎదురుచూస్తోంది. గడియారమ్మను పిలిపించింది ఆమే. "మా ఆయనకు నోరు దురుసమ్మా, చెయ్యి కాదు" అన్న ఒక్క మాట తప్ప ఆమె ఏమీ చెప్పలేదు. ఏడవనూ లేదు.

ఆవిడ చువ్వను గోడకు ఆనించి లోపలికి నడిచింది. ఇన్‌స్పెక్టరు వెంటే వచ్చాడు.

*

కర్మాగారం మేనేజరు చచ్చిపోయినవాడి తమ్ముడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఏడ్చినందువల్లనో, కోపం వల్లనో చెప్పడం కష్టం. తన గది గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాడు.

"వాడి తరఫున వచ్చినవాళ్లతో నాకు మాటల్లేవు."

"మాటలొద్దు, టైములు చెప్పండి. మీ అన్నగారిని ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న సాయంత్రం ఏడింటికి."

"ఇవాళ పొద్దున?"

"చూడలేదు. పొద్దున ఆరున్నరకు కుప్ప వేడి చూడ్డానికి వెళతాడు, ఆ తర్వాత తన గదిలోనే ఉంటాడు. పిలిస్తేగాని రాడు. పిలిచినా రాడు."

"తొమ్మిదింటికి ఫోను చేశారా?"

"మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మీరు చెప్పారు."

మేనేజరు పళ్లు నూరాడు. "చేశాను. ఎత్తలేదు. పదింటికి మళ్లీ చేశాను. ఎత్తలేదు. సరేనా? అలిగి కూర్చున్నాడనుకున్నాను. పోయిన వారం మూడు తొట్లు చచ్చాయి. తొట్టికి రెండువేల లీటర్లు. కలుపుమందు కొట్టిన చేలోంచి చొప్ప తెచ్చాడని నిన్న ఆ కాంట్రాక్టరువి రెండు లోడ్లు వెనక్కి పంపించేశాడు మా అన్న. వాడు నలభైమంది ముందు ఏమన్నాడో తెలుసా? 'నిన్ను నా చొప్పలోనే పూడ్చిపెడతా' అన్నాడు. పూడ్చిపెట్టాడు. ఇంకా మీకు టైములు కావాలా?"

"ఒక్కటే కావాలి. అంతగా బెదిరించినవాణ్ణి ఇవాళ పన్నెండూ ఇరవైకి లోపలికి ఎవరు రానిచ్చారు?"

"నేనే రమ్మన్నాను. చొప్ప లేకపోతే రేపటికి మేత లేదు." తన పిలుపే అన్న ప్రాణం తీసిందన్న నమ్మకం ఆ మనిషిని లోలోపల కొరుక్కు తింటున్నదని గడియారమ్మకు అర్థమైంది. జాలి కలిగింది, దానిని పైకి రానివ్వలేదు.

"తల్లిగది చూపించండి."

తల్లిగది అంటే మూలకణాలుండే చోటు. అన్ని తొట్లలోని మాంసమూ అక్కడి ఒకే ఒక్క సీసాలోని కణాల సంతానమే. వంటింటి కంటె చిన్న గది. ఉక్కుగోడలు, తలుపులో పలకంత గాజు, ఒక మూల వెచ్చదనం కాపాడే గాజుతలుపుల పెట్టె, ఇంకొక మూల ద్రవ నత్రజని నింపిన నిలువెత్తు పీపా. మేనేజరు తన కార్డు ఆనించి తలుపు తెరిచాడు. లోపల కాలు పెడుతూనే, వెనక వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలన్న ధ్యాస కూడా లేకుండా, పెట్టె వైపు మెడ చాచి చూశాడు.

"ఎర్రగానే ఉంది," అని ఊపిరి వదిలాడు.

"ఏమిటి ఎరుపు?" అన్నది గడియారమ్మ.

"మేత. అందులో రంగు కలుపుతాం. కణాలు తినేకొద్దీ ఎరుపు నారింజవుతుంది, నారింజ పసుపవుతుంది. పన్నెండు గంటలకు పూర్తిగా పసుపు. అప్పటికీ మేత మార్చకపోతే చావడం మొదలు. ఈ గదిలోకి ఎవడొచ్చినా ముందు రంగు చూస్తాడు, మనుషుల సంగతి తర్వాత. మా అన్న పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ తన చేత్తోనే మేత మారుస్తాడు. ఇంకొకళ్లను ఈ సీసా ముట్టుకోనివ్వడు."

"గడ్డకట్టించి దాచినవి లేవా? ఆ పీపా ఎందుకు మరి?"

"వేరే కణాలకి. వీటికి చలి పడదు. నాలుగుసార్లు చూశాం, ఒక్కటీ బతకలేదు. ఉన్నవి ఇవే."

గడియారమ్మ మణికట్టు చూసుకున్నది. మూడూ ఇరవై ఎనిమిది. "ఆరింటికి మేత పెట్టి ఉంటే ఇప్పటికి తొమ్మిదిన్నర గంటలు. ఏ రంగులో ఉండాలి?"

మేనేజరు నోరు తెరిచాడు గాని, జవాబు అతడికంటె ముందు ఇన్‌స్పెక్టరు నోటివెంట వచ్చింది.

"పసుపుకు దగ్గర పడాలి. ఎర్రగా ఉందంటే మూణ్ణాలుగు గంటలలోపు పెట్టిన మేత. అంటే పన్నెండింటి వేళ. ఆయన చేత్తో తప్ప ఎవరూ పెట్టరని తమ్ముడుగారే సాక్ష్యం చెప్పారు. కార్డూ పన్నెండూ ఐదే అంటోంది." అతడు చప్పట్లు చరిచినంత పని చేశాడు. "దండాలు వదినగారూ! నా కేసులో ఒక్క మేకు వదులుగా ఉందనుకున్నాను. మీరొచ్చి బిగించేశారు."

గడియారమ్మకు అతడి తర్కంలో ఎక్కడా పగులు కనిపించలేదు. ఆవిడ పెట్టె తలుపు తెరిచి, సీసాను దీపం వైపు ఎత్తి పట్టుకుని, అలవాటు కొద్దీ మెల్లగా ఊపింది. పాల కల్తీ పట్టుకోవడానికి వెయ్యి సీసాలు ఊపిన చెయ్యి అది.

ఎర్రటి ద్రవం మీద నురగ లేచింది. లేచిన నురగ గాజును అంటుకుని అలాగే నిలబడింది.

"మేనేజరుగారూ, మీ చొప్పరసం నురగ కడుతుందా?"

"కట్టదు. బుడగలొచ్చినా వెంటనే చితికిపోతాయి. అది..." అతడు దగ్గరికి వచ్చి చూశాడు. చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "అది సీరం కలిపిన మేత నురగ. దూడనెత్తుటి సీరం. అసంభవం, మా అన్న దాన్ని ఈ గడప తొక్కనివ్వడు. పన్నెండేళ్లుగా ఆయన వ్రతం అది."

"అయితే పన్నెండూ ఐదుకు ఈ సీసాకు మేత పెట్టింది మీ అన్నగారు కాదు. ఆయన కార్డు చేతిలో పెట్టుకుని వచ్చిన ఇంకొకళ్లు. ఆరింటికి ఆయన మేత పెట్టలేదు, మధ్యాహ్నానికి కణాలు చావుకు దగ్గర పడ్డాయి. ఆయన ఇక ఎప్పటికీ రాడని తెలిసినవాళ్లు, వాటి ఆకలి చూడలేక ఈ గదిలోకి వచ్చారు."

ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకున్నాడు.

"మేజిస్ట్రేటు ముందు నిలబడి, 'అయ్యా, నురగొచ్చింది, ముద్దాయిని వదిలేయండి' అనమంటారా? ఆరేళ్ల క్రితం ఒకసారి నవ్వులపాలయ్యాను. మా అన్న బతికుంటే ఆనాడే మీ నోటికి తాళం వేసేవాడు."

"మీ అన్న బతికుంటే నీ లాఠీకి వేసేవాడు, తాళం."

అతడు ఒక్క క్షణం గుడ్లురిమి చూశాడు. "మూడూ యాభై. మేనేజరుగారూ, నడవండి, కోర్టులో మీ సంతకం కావాలి. గేటు దగ్గర కానిస్టేబులుంటాడు. ఐదు దాటి ఒక్క నిమిషం ఉన్నా ఈవిడ్ని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళతాడు."

వెళుతూ వెళుతూ మేనేజరు వెనక్కి తిరిగి, "నమూనా కావాలంటే సహాయకురాల్ని పంపిస్తాను," అన్నాడు. ఆ గొంతులో ఇందాకటి పగ లేదు; అడుగు కింద నేల కదిలిన మనిషి బెదురున్నది.

*

పోలీసులు వదిలిపెట్టాక సహాయకురాలు వచ్చేసరికి నాలుగున్నర అయింది. నలభైకి దగ్గర పడుతున్న స్త్రీ. తలకు బిగించిన తెల్లటి టోపీ, మెడదాకా బొత్తాలు పెట్టిన పొడవాటి అంగీ. పెద్ద డాక్టరు దగ్గర పన్నెండేళ్లుగా పనిచేస్తోంది. గేటు పుస్తకం ప్రకారం నిన్న సాయంత్రం ఏడింటికి వెళ్లి, నేడు రెండూ పదిహేనుకు తిరిగి వచ్చింది. చేతిలో చిన్న నమూనాసీసా ఉంది.

"ఎంత కావాలండీ?" అన్నది గడియారమ్మ ముఖంలోకి చూస్తూ.

"నాలుగు చుక్కలు చాలమ్మా. ఊరినుంచి వచ్చాక ఈ గదిలోకి వచ్చారా?"

"లేదండీ. గేటు దగ్గరే పోలీసులు కూర్చోబెట్టేశారు. సారు పోయారన్నారు. ఇదే రావడం."

ఆమె కన్నీరు తుడుచుకున్నది. అది నటన కాదు. గడియారమ్మకు అది నిజమైన దుఃఖంగానే తోచింది. కాని మరొక సంగతి ముల్లులా గుచ్చుకుంటోంది. ఆమె గుమ్మం దాటి వచ్చింది. కుర్చీని చూసింది, పీపాను చూసింది, మనిషిని చూసింది. పన్నెండేళ్లు కంటికి రెప్పలా కాచుకున్న కణాలు ఇరవైఒక్క గంటలుగా బతికున్నాయో లేదో తెలియని మనిషి, సీసా వంక ఒక్కసారైనా చూడలేదు.

చూడనవసరం లేదు గనుక చూడలేదు. రంగు ఆమెకు ముందే తెలుసు.

గడియారమ్మ ముఖం మీద ఏ మార్పూ రానివ్వకుండా, "మీకు తూనికగేటు దగ్గరేనా ఇల్లు?" అని అడిగింది. అది అనవసరమైన ప్రశ్న. అడిగిన మరుక్షణం ఆవిడకే తెలిసింది. తూనికగేటులో చొప్పబండ్లను తూస్తారు, మనుషుల పేర్లు వ్రాయరు. పొద్దున ఆ దారిన ఎవరు వచ్చినా ఏ పుస్తకానికీ ఎక్కదు.

సహాయకురాలు చేతిలోని నమూనాసీసాను చూసుకుంది.

"మూత ఉన్న సీసా తెస్తానండీ. ఇది సరిపోదు," అన్నది.

ఆమె బయటికి వెళ్లింది. తలుపు దానంతట అదే మూసుకుంది. గడియారమ్మ ఒక్క అంగలో వెళ్లి లోపలి మీట నొక్కింది. తలుపు రాలేదు. మళ్లీ నొక్కింది. వెళుతూ వెళుతూ ఆమె తెంచిన తీగ మీట కింద వేలాడుతోంది. అప్పుడు వసారాలో నత్రజని గొట్టం మీది చక్రం తిరుగుతున్న కిర్రుమన్న చప్పుడూ, ఆ వెంటనే పీపాలోంచి బుసకొట్టిన చప్పుడూ వినిపించాయి. మూత సందుల్లోంచి పాలలాంటి తెల్లటి పొగ పొంగి, పీపా ఒంటి మీదుగా జారి, నేల మీద పరుచుకుంది.

ద్రవ నత్రజని విషం కాదు. దానికి వాసన లేదు, మంట లేదు. అది గదిలోని గాలిని మెల్లగా పక్కకు నెట్టి ఆ చోటు తాను ఆక్రమిస్తుంది. మనిషికి ఊపిరాడుతున్నట్టే ఉంటుంది, కాని ఆ ఊపిరిలో ప్రాణవాయువు ఉండదు. అలాంటప్పుడు మోగడానికని గోడకు బిగించిన గంట మోగలేదు.

ఫోను తీసింది. ఉక్కుగోడల మధ్య అది పనికిరాని రేకుముక్క. పొగ మోకాళ్లకు వచ్చింది. ఆవిడ కుర్చీ ఎక్కి నిలబడింది.

గాజుకు అవతల సహాయకురాలి ముఖం కనిపించింది. లోపలికీ బయటికీ మాట్లాడుకోవడానికి తలుపు పక్కన బిగించిన మాటల పెట్టెలోంచి గొంతు వచ్చింది. "క్షమించండి. నొప్పి ఉండదండీ. నిద్ర వచ్చినట్టే ఉంటుంది."

"మీ సారుకు నొప్పి లేకుండా చేశావా?"

అవతలి ముఖం ముడుచుకుపోయింది. "నేను చంపాలనుకోలేదు! చొప్పరసం చాలలేదండీ. రెండేళ్ల క్రితమే చాలలేదు. సారు కుంగిపోతున్నారని, నూటికి రెండు చుక్కలు సీరం నేనే రహస్యంగా కలిపాను. కణాలు పెరిగాయి, సారు చిన్నపిల్లాడిలా గంతులేశారు. పోయిన వారం సీరం రాక తొట్లు చస్తే పాపం కాంట్రాక్టరు చొప్పను తిట్టారు. నిన్న ఆ సీరం డబ్బా ఆయన కంటపడింది."

"ఏమన్నాడు?"

"తిట్టలేదండీ. తిట్టినా బాగుండేది. 'అబద్ధం తాగి బతికిన కణాలివి. పొద్దున మేత పెట్టను. ఎండిపోనీ. లోకానికి చెప్పేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెడదాం' అన్నారు. పొద్దున కుప్ప దగ్గర కాళ్లు పట్టుకున్నాను. వినలేదు. చువ్వ నా చేతిలోనే ఉంది. సీరం డబ్బాను ఆయన నిన్ననే పారబోశారు, ఊరికెళ్లి కొత్తది తెచ్చేసరికి పన్నెండైంది. ఆయన మళ్లీ మొదలుపెట్టగలరు. ఇవి మళ్లీ పుట్టవు కదండీ."

గడియారమ్మ కళ్ల ముందు గది అంచులు మసకబారుతున్నాయి. వేళ్లు మొద్దుబారాయి. ఇక వాదించడానికి ఊపిరి లేదు. ఆవిడ కుర్చీ మీదినుంచే వంగి పెట్టె తలుపు లాగి, సీసాను చేతిలోకి తీసుకుని, చెయ్యి చాచి తెల్లటి పొగ మీద పట్టుకున్నది.

"వీటికి... చలి పడదన్నారు."

"వద్దు!"

సీసా అడుగు పొగలో మునిగింది. గాజు మీద మంచు పూత పాకింది.

"వద్దండీ! పైకెత్తండి! మీకు దణ్ణం పెడతాను, పైకెత్తండి!"

గడియారమ్మ చేతిని ఇంకొక జానెడు దించింది.

తలుపు భళ్లున తెరుచుకుంది. సహాయకురాలు పొగలోకి పరుగెత్తుకు వచ్చింది. పైబొత్తాలు ఊడిన అంగీలోంచి మెడలోని కార్డు బయటికి వేలాడింది. దాని మీద నెరిసిన గడ్డంతో నవ్వుతున్న పెద్ద డాక్టరు ముఖం. ఆమె రెండు చేతులా సీసాను అందుకుని గుండెలకు హత్తుకుంది. ఎదుట ఉన్న మనిషి ఏమైపోతున్నదో ఆమె చూడనేలేదు. గడియారమ్మ కుర్చీ మీదినుంచి తూలి, గోడ పట్టుకుని, గుమ్మం దాటి వసారాలో బోర్లా పడింది. వెనక తలుపు దానంతట అదే మూసుకుంది.

రెండు గుక్కలు నిజమైన గాలి లోపలికి వెళ్లాక ఆవిడ పాకుతూ వెళ్లి చక్రాన్ని బిగించింది. బుస ఆగింది. కాని లోపల నిండిన పొగ ఎక్కడికీ పోలేదు. అది గాజు దాకా లేచి ఉంది.

లోపల సహాయకురాలు సీసాను అంగీకొంగుతో తుడిచి, పెట్టెలో పెట్టి, తలుపు వేసి, వెచ్చదనం చూపే అంకెను సరిచూసింది. ఆ తరువాత పెట్టెకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నది.

గడియారమ్మ మాటల పెట్టె మీట నొక్కింది. "లే! కార్డు నీ మెడలోనే ఉంది. తలుపు తీసుకుని బయటికి రా!"

"రానండీ." గొంతు చాలా ప్రశాంతంగా ఉంది. "వస్తే మీరు చెప్పిస్తారు. చెబితే ఫ్యాక్టరీ మూసేస్తారు, కణాల్ని పారబోస్తారు. రాకపోతే ఐదింటికి కాంట్రాక్టరుదే నేరమని తేలిపోతుంది. ఇవి బతుకుతాయి."

"వాడేం పాపం చేశాడు? గేటు దగ్గర వాడి భార్య కూర్చుని ఉంది!"

లోపల సహాయకురాలు పెట్టెలోని సీసా వైపు తల తిప్పింది.

"ఆరింటికి మేత మార్చమని మేనేజరుగారికి చెప్పండి. నూటికి రెండు చుక్కలు. మర్చిపోవద్దనండి."

గడియారమ్మ తలుపును భుజంతో గుద్దింది. ఉక్కు చలించలేదు. వసారా చివరిదాకా కేకవేసినా పలికే మనిషి లేడు. యంత్రాల హోరులో ఆ కేక గేటు దాకా చేరే దారీ లేదు. ఫోను తీసింది. ఐదుకు పన్నెండు నిమిషాలు తక్కువ. ఏడోసారి మోగాక ఇన్‌స్పెక్టరు ఎత్తాడు.

"వదినగారూ, కోర్టు హాల్లో ఉన్నాను. ఇంకా నురగేనా?"

"మరిదీ, నన్ను తిట్టాలనుకుంటే రేపు ఇంటికొచ్చి తిట్టు, తలుపు తీసే ఉంచుతాను. ఇప్పుడు విను. డాక్టరు కార్డు దొరికింది. దాన్ని మెళ్లో వేసుకున్న మనిషి తల్లిగదిలో గాలి లేక పోతోంది, కావాలనే పోతోంది. మేనేజరు కార్డుతో ఈ తలుపు తెరుచుకుంటుంది. ఆయన నీ పక్కనే ఉన్నాడు. గేటు దగ్గర నీ కానిస్టేబులు దగ్గర గునపమైనా ఉంటుంది. నువ్వు చెబితే వాడు పరిగెడతాడు, నేను చెబితే నన్ను బయటికి ఈడుస్తాడు. నీ ముద్దాయి నిర్దోషి అని మేజిస్ట్రేటును నమ్మించగల నోరు ఇదొక్కటే. ఇది మూతపడితే నిరపరాధిని రెండోసారి నీ గదిలోకి తీసుకెళతావు. ఈసారి ఏ చెవి తీస్తావు?"

ఫోనులోంచి బంట్రోతు కాంట్రాక్టరు కేసును పిలుస్తున్న గొంతు స్పష్టంగా వినిపించింది. ఒకసారి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. ఇన్‌స్పెక్టరు శ్వాస మాత్రం వినవస్తోంది.

గాజుకు అవతల, తెల్లటి పొగలో, సహాయకురాలి తల మెల్లగా మోకాళ్ల మీదికి వాలిపోయింది.